నాలుగున్నర వోల్టుల మాట

1988 మార్చి 14, సోమవారం

అన్న ఇవాళ మాట్లాడాడు. "చాయల చకెర వేయి" అన్నాడు. అన్నాడంటే, టీవీ మీద రాశాడు.

నేను పాఠాలు చెప్పే కాలేజీ స్టోర్‌లో మూలన పడేసిన మైక్రోకంప్యూటర్‌ను ప్రిన్సిపాల్‌ను అడిగి తెచ్చాను. దాని గ్రాఫిక్స్ కార్డులో ఒక ఈప్రాం చిప్పు ఉంటుంది. తెర మీద ఏ అక్షరం ఏ చుక్కలతో కనిపించాలో, ఎంత వేగంగా గీయాలో అందులోనే రాసి ఉంటుంది. దాన్ని చెరిపి ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాలు పెట్టాను. చోటు చాలక ఒత్తులు వదిలేశాను. అక్షరాల వరుసల మీద ఒక తెల్ల గడి తిరుగుతూ ఉంటుంది. అన్నకు ఎడమ కాలి బొటనవేలు ఇంకా కదులుతుంది. దాని కింద కాలింగ్ బెల్ బటన్ పెట్టాను. గడి కావలసిన వరుస మీదికి వచ్చినప్పుడు ఒకసారి నొక్కాలి, అక్షరం మీదికి వచ్చినప్పుడు ఇంకోసారి.

వదిన తెర మీది మాట చదివి, "అయ్యో, షుగర్ ఉన్నదేమోనని నేనే బంజేసిన. ఇన్ని దినాలు సప్పటి చాయ తాగిండా ఈయన?" అని వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు తెచ్చిన చాయ్ పాకంలా ఉంది. చెంచాతో పోస్తే అన్న మొత్తం తాగాడు.

రిపోర్టులో మోటార్ న్యూరాన్ జబ్బు అని ఉంది. నరాలు ఒక్కొక్కటే పోతాయి. ముందు చేతులు పోయాయి, దసరా నాటికి మాట పోయింది. తెలివి మాత్రం పోదట.

మార్చి 17

కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ మాట మధ్యలోనే.

మార్చి 20, ఆదివారం

ఉప్పలయ్య లారీ బ్యాటరీ ఒకటి తోపుడు బండి మీద తెచ్చాడు. గింజల మార్కెట్లో హమాలీ. అన్న కమీషన్ అడ్తి దుకాణంలో బస్తాలు మోస్తూనే ముసలివాడయ్యాడు.

"సేటూ, గిది లారీల నుంచి పీకింది. పాతదే గని జర జీవం ఉన్నది" అన్నాడు.

అన్న బొటనవేలు కదిలింది. "నీ లెకనె" అని వచ్చింది తెర మీద. ఉప్పలయ్యకు చదువు రాదు. "నీ లెక్కనే" అని నేను చదివి వినిపించాను. అతను నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "పాట పాడెటప్పుడు గేటు కాడ ఇనవడేది సేటు గొంతు. గిప్పుడు నువ్వు సదివితె నాకే ఇనవడుత లేదు" అన్నాడు.

నిజమే. మిర్చి వేలం పాటలో అన్న రేటు పిలిస్తే యార్డు అంతా తిరిగి చూసేది. మా ఇంటికి రావలసిన గొంతంతా ఆయనకే వచ్చిందని అమ్మ అనేది. నేను క్లాసులో వెనక బెంచీ వరకు వినిపించాలంటే మైకు కావాలి.

బ్యాటరీ పెట్టి చూశాను. చిన్న టీవీ పన్నెండు వోల్టుల మీద బాగానే నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డుతోనే ఇబ్బంది. అది ఒక్కటే మిగతా సరంజామా కంటే ఎక్కువ కరెంటు తింటోంది. బ్యాటరీ కరెంటు కోతలో సగం దాకా కూడా నిలవలేదు. కార్డు మీద వేలు పెడితే చుర్రుమంది.

మార్చి 23

కార్డు కంపెనీవాళ్లు దాన్ని వరుసకు ఎనభై అక్షరాలు చూపేలా తయారు చేశారు. అన్నకు ఇరవై చాలు, అవీ పెద్దవి. ఈప్రాంలోని ప్రోగ్రాంలో ఆ సంఖ్యలు మారిస్తే కార్డు నెమ్మదిగా నడుస్తుంది. మెమరీ చిప్పుల్లో సగం ఊడదీయవచ్చు. నెమ్మదిగా నడిచేదానికి ఐదు వోల్టులు నిండుగా అక్కర్లేదు, కొంచెం తగ్గించినా పనిచేస్తుంది. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. పుస్తకంలో నాలుగూ ముప్పావు కంటే దిగవద్దని ఉంది. పుస్తకం రాసినవాళ్లు భయస్తులు.

చిప్పును చెరపడానికి దాని వీపు మీది గాజు కిటికీని అతినీలలోహిత దీపం కింద పెట్టాలి. దీపం కాలేజీలో ఉంది. నిన్న సాయంత్రం తీసుకెళ్లిన కార్డును ఇవాళ పొద్దున్నే తిరిగి బిగించాను. కరెంటు కోత మొత్తం బ్యాటరీ నిలిచింది. వేలు పెడితే వెచ్చగా ఉంది, అంతే.

అన్న "శబాశ" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదివరకు విన్న గుర్తు లేదు.

మార్చి 28

రిపోర్టులు పట్టుకుని హైదరాబాద్ వెళ్లాను. నరాల డాక్టరు కాగితాలన్నీ తిరగేశాడు. ఊపిరి తీసే కండరాలు తగ్గుతున్నాయట. గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలి. ఇంటికి పంపడం కుదరదు, అక్కడే ఉండాలి. ఎన్నాళ్లని అడిగాను. ఉన్నన్నాళ్లు అన్నాడు.

తిరుగు రైల్లో కిటికీ సీటు దొరికింది. వోల్టేజీ ఇంకా తగ్గించవచ్చని స్టేషన్ ఘన్‌పూర్ దాటాక తోచింది.

మార్చి 30

వదిన వంటింట్లో ఉన్నప్పుడు అన్నకు హైదరాబాద్ సంగతి చెప్పాను. గొట్టం గురించి కూడా చెప్పాను. బెడ్ దొరుకుతుందన్నాను.

ఆయన వెంటనే మొదలుపెట్టాడు. "పోను."

తర్వాత "గొంతుల బొక వదు."

తర్వాత "ఇంటిలనె."

అన్న ఉర్దూ మీడియంలో ఐదు చదివాడు. తెలుగు దుకాణాల బోర్డులు చూసి నేర్చుకున్నాడు. మాట్లాడినట్టే రాస్తాడు. ఒత్తులు లేకపోయినా అర్థం కాకపోవడమంటూ ఉండదు.

గడి ఇంకో అక్షరం కోసం తిరుగుతుండగా రీసెట్ నొక్కి తెర చెరిపేశాను.

"ఏమంటాండు?" అని వదిన లోపలి నుంచి అడిగింది.

"ఏం లేదు. ఫ్యాన్ తగ్గియ్యుమంటాండు."

ఫ్యాన్ తగ్గించాను. కార్డు ఊడదీసి సంచిలో పెట్టుకున్నాను. వేడెక్కుతోందని, సరిచేసి తెస్తానని వదినకు చెప్పాను. వెచ్చగా ఉన్నది నిజమే. ఆమె చేత తాకించి చూపించాను.

ఏప్రిల్ 2

ల్యాబులోని మిషన్‌కు కార్డు బిగించి చూశాను. 4.7 వోల్టులు. అక్షరాలు నిలకడగా ఉన్నాయి.

ఏప్రిల్ 4

4.6. బాగుంది. ఎండలు ముదిరాక ఎలా ఉంటుందో తెలియదు కదా. ల్యాబులో ఎండ పడే కిటికీలో పెట్టి నడిపాను.

ఏప్రిల్ 5

ఎండలో కూడా బాగుంది. ఇంకోసారి చూడాలి.

ఏప్రిల్ 6

ఇంకోసారి చూశాను. 4.5కి దించాను. ఇక్కడ ఒక్క అక్షరం కొంచెం వణికింది. ప్రోగ్రాంలో గీత గీసే వేగం ఇంకాస్త తగ్గించాక అదీ ఆగింది. ల్యాబులో నా పక్క టేబుల్ రాజేశ్వర్ రావు వచ్చి తెర చూశాడు.

"మస్తుగ నడుస్తాంది గదా. ఇంక ఏం చూస్తానవ్?"

"మార్జిన్" అన్నాను.

"దేనికి మార్జిన్?"

వేసవికి అన్నాను. అతను తెరను కాకుండా నన్ను చూసి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 7

వదిన కాలేజీకి వచ్చింది. వరంగల్ నుంచి బస్సులో హన్మకొండ వచ్చి, అక్కడ రిక్షా మాట్లాడుకుని, గేటు దగ్గర నా పేరు చెప్పి, ల్యాబు దాకా వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె ఇక్కడికి రావడం ఇదే మొదలు. అన్న దగ్గర ఉప్పలయ్యను కూర్చోబెట్టి వచ్చిందట. స్టూలు వేశాను. కూర్చోలేదు.

"అయిందా ఎంకటేశం?"

"ఇంకొంచెం ఉన్నది వదినె. వోల్టేజి దించిన. నిలకడ చూడాలె."

టేబుల్ మీద కార్డు ఆన్‌లోనే ఉంది. తెర మీద అక్షరాలు, వాటి మీద గడి తిరుగుతోంది. ఆమె దాన్ని చూసింది.

"నీ వోల్టులు నాకు తెల్వయ్. ఆయన ఆ బటన్ నొక్కుతనే ఉంటాండు. ముంగట టీవీ ఖాళీ. అయినా నొక్కుతాండు. పొద్దుగాల లేస్తె టిక్కు టిక్కుమని అదే సప్పుడు. తీసేద్దామని చెయ్యి వెట్టిన. కండ్లళ్ల నీళ్లు దీసుకున్నడు. గట్లనే ఉంచిన."

నేను కార్డు స్విచ్ ఆఫ్ చేశాను.

"ఆనాడు నీకేం జెప్పిండు?" అని అడిగింది.

"ఏం చెప్పలే. ఫ్యాన్ అన్నడు."

"ఫ్యాన్ గురించా గింత ఆరాటం?"

కుర్రాళ్లు ప్రాక్టికల్స్‌కు వస్తున్నారు. ఆమె కొంగు సర్దుకుని, "రేపు పట్కరా" అని వెళ్లిపోయింది. బస్టాండు దాకా దింపాల్సింది.

ఏప్రిల్ 8

వెళ్లలేదు. ఇన్విజిలేషన్ పడింది.

ఏప్రిల్ 10, ఆదివారం

డాక్టర్ కిషన్ రావు రమ్మని కబురు పెట్టాడు. మండీబజార్ వైపు ఆయన క్లినిక్. అన్నను మొదటి నుంచి చూస్తున్నది ఆయనే. నిన్న ఇంటికి వెళ్లి చూశాడట. ఊపిరి బాగా పైపైన ఉందని, ఇంకా ఆగవద్దని అన్నాడు. హైదరాబాద్‌కు ఫోన్ చేశాడు. గురువారానికి బెడ్ ఉంది. వ్యాన్ కూడా మాట్లాడతానన్నాడు.

"సరే సార్" అన్నాను.

"మీ అన్న ఏమంటున్నడు?"

"ఆయనకు మాట లేదు గద సార్."

"అది నాకు తెలుసు. నువ్వేదో మిషన్ పెట్టినవట, దాంతోని మాట్లాడుతున్నడట. మీ వదిన చెప్పింది."

"అది రిపేర్‌ల ఉన్నది సార్."

ఆయన మందుల చీటీ రాస్తూ తల ఊపాడు. రిపేర్లు ఎన్నో చూసినవాడు, ఏమీ అనుకోలేదు.

బయటికి వచ్చాక స్కూటర్ స్టార్ట్ కాలేదు. కిక్కు కొట్టి కొట్టి ఆగి, పక్కనున్న మెడికల్ షాపు మెట్ల మీద కూర్చున్నాను. అది రిపేర్‌ల ఉన్నది సార్. అది రిపేర్‌ల ఉన్నది. కార్డు ఆరో తారీకు నుంచి దేనికీ తడుముకోకుండా నడుస్తోంది. అంతకుముందు కూడా నడిచింది.

ఏప్రిల్ 11

కార్డు సంచిలో పెట్టుకుని వరంగల్ బస్సు ఎక్కాను. పోచమ్మమైదాన్‌లో దిగాను. అక్కడ చెరుకు రసం తాగి, ఎదురుగా వచ్చిన హన్మకొండ బస్సు ఎక్కాను.

ఏప్రిల్ 12, మంగళవారం

ఇవాళ దిగలేదు.

మధ్యాహ్నం పన్నెండవుతోంది. వదిన తలుపు తీసి సంచి వైపు చూసి పక్కకు జరిగింది. నేను కార్డు బిగిస్తున్నంతసేపూ అన్న నా చేతుల్నే చూస్తున్నాడు. బాగా చిక్కాడు. మెడ దగ్గర చర్మం ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతోంది. అది నేను లేని రోజుల్లో మొదలైంది.

తెర వెలిగింది. ఒక మాట కూడా పడకముందే కరెంటు పోయింది, ఫ్యాన్ ఆగింది. తెర మాత్రం ఆరలేదు. బ్యాటరీ మీద నాలుగున్నర వోల్టులతో కార్డు నడుస్తూనే ఉంది. అది చూసి అన్న కళ్లు నవ్వాయి. ఆ నవ్వు నాకు కష్టంగా ఉంది.

బొటనవేలు మునుపటంత చురుగ్గా లేదు. ఒక్కో అక్షరానికి గడి రెండు మూడు చుట్లు తిరగవలసి వచ్చింది. వదిన తాటాకు విసనకర్రతో విసురుతూ నిలబడే చదివింది.

"హైదరబాదు పోను."

వదిన విసరడం ఆపింది. "ఎవరు పొమ్మన్నరు నిన్ను?"

డాక్టర్ ఆమెకు చెప్పలేదు, నాకే చెప్పాడు. నేనూ చెప్పలేదు. అప్పుడు చెప్పాను. గురువారం బెడ్, వ్యాన్, గొట్టం, అన్నీ చెప్పాను. ఆమె వింటూ అన్న ముఖమే చూసింది.

"గొట్టం ఏస్తె బతుకుతడా?" అని నన్ను అడిగింది.

"కొన్నొద్దులు. దవాఖాన్లనే. మిషన్ మీద."

"ఏయకపోతె?"

ఆమె అన్న వైపు తిరిగింది.

"పోనంటవా?"

"పోను."

"రేపు ఊపిరి ఆడకపోతె ఏంజెయ్యాలె నేను?"

గడి తిరిగి తిరిగి ఆగింది. "నువు ఉనవు గద."

వదిన మంచం పట్టె మీద కూర్చుంది. ఏడవలేదు. చెంగుతో అన్న మూతి తుడిచింది. తుడవడానికి అక్కడేమీ లేదు. "సరె" అంది. "నీ ఇష్టమే కానియ్."

అప్పుడు అన్న నా వైపు చూశాడు. తెర మీద వచ్చింది: "వీనికి ముందె చెపిన."

వదిన చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత నా వైపు తిరిగింది. బజారులో ఎవరో ఐస్‌ఫ్రూట్ బండి గంట కొట్టుకుంటూ పోయారు.

"అవును, చెప్పిండు" అన్నాను. "ఆనాడు ఫ్యాన్ అని నేనే అబద్ధమాడిన."

"గన్ని దినాలు ఆయన నోరు నీ సంచిల వెట్టుకొని తిరిగినవా?" అంది వదిన. గొంతు పెంచలేదు. "బటన్ నొక్కీ నొక్కీ ఏలు వాసిందిరా. సూడు. పసుపు రాసిన నేను."

చూశాను. పసుపు ఇంకా ఉంది.

ఆమె ఇంకా ఏదో అనబోయింది. బటన్ టిక్కుమంది. ఇద్దరం తెర చూశాం. చాలాసేపు పట్టింది, ఒక్కో అక్షరమే.

"తిటకు. చినోడు."

నాకు నలభై దగ్గర పడ్డాయి.

కరెంటు వచ్చేసరికి నాలుగయింది. అప్పటివరకు అన్న ఆపలేదు. దిండు ఎత్తు ఎక్కువైందట. పక్కింటి రేడియో ఇంకా పెద్దగా పెట్టమన్నాడు, తగ్గించమని వదిన రోజూ పోయి గొడవ పడుతోందట. రాత్రి ఎంత లేపినా పలకడం లేదని వదిన మీద ఫిర్యాదు. ఎట్లా లేపుతున్నావని ఆమె అడిగితే "మనసుల" అన్నాడు. బ్యాటరీలో ఇంకా మిగిలి ఉంది.

ఏప్రిల్ 13

కిషన్ రావు దగ్గరికి వెళ్లి, పోవడం లేదని చెప్పాను.

"ఎవరి నిర్ణయం ఇది?" అన్నాడు. ముఖం చిట్లించాడు.

"అన్నది."

"ఆలోచించే స్థితిలో ఉన్నడా?"

"దిండు ఎత్తు ఎక్కువైందన్నడు సార్. పక్కింటోళ్ల రేడియో పెంచమన్నడు. తెలివి మంచిగున్నది."

"నువ్వేమంటున్నవ్?"

ఈ ప్రశ్నకు సిద్ధంగా వెళ్లలేదు. "నాకు ఆయన కావాలె సార్" అన్నాను. తర్వాత ఏదో కలపాలి కదా అని, "కని అట్ల కాదు" అన్నాను. డాక్టర్ పెన్నుకు మూత పెట్టాడు. ఫోన్ చేసి బెడ్ వద్దని చెబుతానని, రోజు విడిచి రోజు ఇంటికి వస్తానని, ఆయాసం ఎక్కువైతే బాధ తెలియకుండా మందు ఇస్తానని అన్నాడు. బయటిదాకా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

ఏప్రిల్ 16

హన్మకొండలో నా అద్దె గది ఖాళీ చేయలేదు గాని, గుడ్డలు కొన్ని అన్న ఇంటికి తెచ్చుకున్నాను. కాలేజీకి ఇక్కడి నుంచే పోతున్నాను. వదిన అన్నం పెడుతోంది, నాతో మాట్లాడడం లేదు.

ఏప్రిల్ 19

కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

ఏప్రిల్ 24, ఆదివారం

ఉప్పలయ్య, మార్కెట్ నుంచి ఇంకో ఇద్దరు హమాలీలు వచ్చారు. మిర్చి ధర పడిపోయిందని, రైతులు తూకం జరగనీయకుండా కాంటాల మీద కూర్చున్నారని చెప్పారు. అన్నకు ఆవేశం వచ్చింది. బొటనవేలు పరుగెత్తింది. నేను చదువుతున్నాను.

"ఆ గులబి రంగు కాయ ఎవడు తెచిండు." రంగు వెలిసి ధర చెడగొట్టే మిర్చి అది.

చదివాను.

"జర గటిగ."

మళ్లీ చదివాను. హమాలీలు వినడానికి ముందుకు వంగారు.

"గటిగ. పాట లెక."

లేచి నిలబడి చదివాను. నా గొంతు నాకే ఎబ్బెట్టుగా ఉంది. వంటింట్లోంచి వదిన నవ్వు వినిపించింది. ఉప్పలయ్య "అద్గదీ" అన్నాడు. అన్న మార్కెట్ కార్యదర్శిని ఒక తిట్టు తిట్టాడు. అదీ గట్టిగానే చదివాను. ఎదురింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు.

మే 3

బొటనవేలు ఆలస్యమవుతోంది. గడి దాటిపోయాక నొక్కు పడుతోంది. మాట బదులు వేరే మాట వస్తోంది. నీళ్లడగబోతే "నీవు" అని వచ్చింది. చిప్పులో గడి తిరిగే వేగం తగ్గించాలి.

పొద్దున చిప్పు ఒక్కటే తీసుకుని కాలేజీకి పోయాను. దీపం కింద చెరిపి, మళ్లీ రాసి, క్లాసు రాజేశ్వర్ రావును తీసుకోమని, మధ్యాహ్నానికే తిరిగి వచ్చాను. వదిన వాకిట్లోనే నిలబడి ఉంది. నా చేతిలోని టిఫిన్ డబ్బా అందుకుంది.

కార్డు ఇప్పుడు ఇంకా తక్కువ కరెంటు తీసుకుంటోంది. లెక్క రాసుకోలేదు.

మే 6

కిషన్ రావు వచ్చి చూసి వెళ్లాడు. మందు మొదలుపెట్టాడు.

మే 8, ఆదివారం

బొటనవేలు ఆగిపోయింది.

బటన్ మీద స్ప్రింగు తీసేసి, రేకు ముక్క తగిలితే చాలు అనేలా చేశాను. అదీ కుదరలేదు. తెర మీద గడి దానంతట అది తిరుగుతోంది. ఎవరూ ఆపేవారు లేరు. ఏం చేయాలో తోచక చాలాసేపు దాని ముందే కూర్చున్నాను. కార్డు చల్లగా ఉంది.

వదిన అంది, "కండ్లు ఆడుతున్నయి గద. రెప్ప కొడుతాండు సూడు."

టీవీ ఆపేశాను. కుర్చీని మంచం దగ్గరికి, అన్న ముఖానికి ఎదురుగా జరిపాను. అక్షరాలు నేనే పలకడం మొదలుపెట్టాను. అ, ఆ, ఇ, ఈ. కావలసింది రాగానే రెప్ప వేయమన్నాను. తర్వాత గుణింతం. ఇది తెర కంటే తొందరగా సాగింది. ఒత్తులు కూడా ఉన్నాయి.

ఇది మొదటి నుంచే చేసి ఉండవచ్చు. దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. నాకు తోచలేదు. ఇన్ని వారాలు నేను తెర వైపు తిరిగి ఉన్నాను, ఆయన ముఖం నా వీపు వెనక ఉంది.

బయట లారీల శబ్దం. ఆయనకు వినిపించదేమోనని గట్టిగా పలికాను. అన్న ఇవాళ చెప్పిన మాట: "నీక్కూడ గొంతున్నది."

మే 9

పొద్దంతా పలికాను. వదినకు ఏదో చెప్పాలన్నాడు. నేను పలుకుతూ పోతే, ఆమె రెప్ప చూసి అక్షరాలు కలుపుకుంది. మాట పూర్తయినప్పుడల్లా తల ఊపింది. ఏం చెప్పాడో నేను కలుపుకోలేదు. ప్రయత్నిస్తే తెలిసేదే.

మే 10, మంగళవారం

పొద్దున ఏడు దాటాక అన్న కళ్లు తెరిచాడు. మందు మత్తు ఉంది గాని మమ్మల్ని గుర్తుపట్టాడు. వదిన ఆయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన నా వైపు చూశాడు. కుర్చీ జరుపుకుని మొదలుపెట్టాను.

అచ్చులు అయిపోయాయి. క, ఖ, గ, ఘ. ఊపిరి ఊపిరికీ మధ్య చాలా ఎడం ఉంది. అందుకని నేనూ నెమ్మదిగా పలికాను. ప, ఫ, బ, భ, మ.

మ దగ్గర రెప్ప వేశాడు.

గుణింతం పలికాను. మ, మా, మి, మీ, ము, మూ. ఆయన కళ్లు నా మీదే ఉన్నాయి. మె, మే, మై. మొ, మో, మౌ. మం, మః దాకా వచ్చాను. రెప్ప పడలేదు. నా గొంతు తగ్గిందేమో అనుకున్నాను. మళ్లీ మొదటి నుంచి, ఇంకొంచెం గట్టిగా పలికాను. మ, మా, మి, మీ. మళ్లీ చివరిదాకా వచ్చాను. లేచి నిలబడ్డాను. యార్డు గేటు దాకా వినిపించేంత గట్టిగా పలికాను. మ, మా, మి.

వదిన అన్న రెప్పలు మూసి, నా చెయ్యి పట్టుకుంది.

"సాలు ఎంకటేశం," అంది. "ఇన్నడు."